అర పూట కూలి

కొత్వాల్ చావడి వెనక సందు.
కింద శుభలేఖల కాగితం దుకాణం, పైన మేడ.
నూటపదేళ్ళ సున్నం. టేకు దూలాలు.
వాటి మీద చేప ముళ్ళలా ఏటవాలుగా
నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు.
నా చేతిలో ఎనభై ఆరు ప్రశ్నల ఫారం.

అలివేలు గారికి భూగోళం మీద బెంగేం లేదు.
ఆ మాట ఆవిడే చెప్పింది.
పచ్చ సర్టిఫికెట్ చూపిస్తే బ్యాంకు
అర శాతం వడ్డీ తగ్గిస్తుందట.
"నువ్వు మార్కులు వెయ్యి తల్లీ, నేను కాఫీ పోస్తాను."

మొదటి వారమంతా లెక్కలే.
పైకప్పు ఎంత ఎండ మింగుతుంది,
కుళాయి నిమిషానికి ఎన్ని లీటర్లు కక్కుతుంది.
పక్కింటి గోడకీ ఈ గోడకీ మధ్య
బెత్తెడు చోటు, అందులో ఒక పావురం.
టేపు పట్టుకున్న నన్ను
అది కూడా పైనుంచి కిందికి కొలిచింది.

కన్నియప్పన్ చెంగల్పట్టు నుంచి తొలి బండికి వస్తాడు.
సున్నం తొట్టి మూత తీసి, కర్రతో కలిపి, వాసన చూసి
"దీనికింకా కోపం తగ్గలేదు" అని మళ్ళీ మూసేస్తాడు.
బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు.
నేను కరక్కాయ అంటాను, అతను కడుక్కాయ్ అంటాడు,
ఏ పేరుతో పోసినా సున్నం బిగుస్తూనే ఉంది.
ఫారంలో జిగురు పదార్థాల దగ్గర బెల్లం అని కొడితే
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
తయారు చేసిన కంపెనీ పేరు అడిగింది.

పడమటి గది మాత్రం పొయ్యి.
ఏసీ లేకపోతే కుదరదని ఆవిడ,
పెడితే పన్నెండు మార్కులు పోతాయని నేను.
చివరికి వేడిని చూసే కెమెరా తెచ్చాను.
తెర మీద గోడంతా కుంకుమ కలిపినట్టుంది.
తూర్పు వైపు, చెయ్యి చాచినా అందని ఎత్తులో
ఒక్క నలుచదరం
నీలంగా.

కన్నియప్పన్ నిచ్చెనెక్కి సుత్తి పిడితో తట్టాడు.
టక్. టక్. టక్.
డబ్.
"సున్నం తక్కువ, తొందర ఎక్కువ" అన్నాడు.
ఇటుకలు ఒక్కొక్కటీ పళ్ళు ఊడినట్టు వచ్చాయి.
వాటి వెనక తారు పూసిన నల్ల కాగితం,
దాని వెనక చెక్క రెక్కల గవాక్షం,
రెక్కల మధ్య ఎండిపోయిన సాలీడు.

అలివేలు గారు కాఫీ గ్లాసు కింద పెట్టింది.
"దీన్ని మేం జపాను గది అంటాం.
నేల మీద జపాను పెంకులు కదా, అందుకే అనుకున్నా
ఇన్నాళ్ళూ."
బాంబులు పడతాయని మద్రాసు ఖాళీ అయిన ఏడు
దీపం బయటికి కనబడకుండా
ఎవరో రాత్రికి రాత్రి మూసేసి ఉంటారు.
యుద్ధం ముగిసింది.
ఆ కబురు గోడ దాకా రాలేదు.

తెరిచాక ఏమీ కాలేదు.
దుమ్ము రాలింది, ఆవిడ తుమ్మింది,
మేం ఎవరి పనిలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.
మూడున్నరకి సముద్రం వైపు నుంచి గాలొచ్చింది.
బల్ల మీది నమూనా కార్డులు లేచాయి.
ఎవరెవరివో పెళ్ళిళ్ళు, ముహూర్తాలు, మేనమామల పేర్లు
గదంతా తిరుగుతుంటే
ఆవిడ చీర కొంగుతో పట్టుకోబోయి, పట్టుకోలేక,
తిట్టింది. ఎవర్నో తెలియదు. నవ్వుతూనే.

సాయంత్రం కన్నియప్పన్ అడిగాడు:
"కట్టినదానికి అడుగుల లెక్క ఉందమ్మా.
తీసినదానికి?"
చాలాసేపు బేరమాడి అర పూట కూలికి తెగ్గొట్టుకున్నారు.

ఏసీ పెట్టించింది, చిన్నది.
మూడున్నర తర్వాత దాని అవసరం లేదంటుంది,
నేను వెళ్ళినప్పుడల్లా మరి కట్టేసే ఉంటుంది.
సర్టిఫికెట్ ఇంకా రాలేదు.
గోడలోంచి తీసిన ఇటుకలు కడిగి, ఎండబెట్టి
కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకుంది.
పాత సామాను మళ్ళీ వాడకం అనే గడిలో
ఇటుకలు, పద్నాలుగు, అని రాశాను.
దానికి మాత్రం కంప్యూటర్ ఏమీ అనలేదు.